దయగారి కంటికొలత

ఆ వీధిలో ఆయన్ని టైలరుగారని పిలిచేవాళ్లు తక్కువ. దయగారు అంటేనే పోల్చుకుంటారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, స్వయంగా సంపాదించుకున్నది. "చొక్కా భలే కుదిరిందండీ" అని ఎవరైనా అంటే చాలు, మిషను ఆపి, కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని, "నాదేముందండీ, అంతా ఆయన దయ" అనేవారు. మెచ్చుకోవడం మరిచిపోయి వెళ్లిపోతున్నవాళ్లని గుమ్మం దాకా సాగనంపి, "భుజాల దగ్గర ఎలా ఉంది?" అని అడిగి మరీ అనేవారు.

టేపు వాడకపోవడం ఆయన ప్రత్యేకత. మనిషి గుమ్మం దాటి స్టూలు మీద కూర్చునేలోగా ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు కంటితోనే కొలిచేసి గోడ మీద సుద్దముక్కతో రాసేసేవారు. ముప్పై ఏళ్లలో అరంగుళం తేడా రాలేదు. టేపు మాత్రం మెడలో వేలాడుతూనే ఉండేది. దాని అవసరం లేదని నలుగురికీ తెలియాలంటే ముందు అది కనబడాలి కదా.

గర్వం గర్వంలాగే వస్తే ఎవరైనా గుర్తుపడతారు. తలవంచుకుని వస్తే కుర్చీ వేస్తారు. దయగారు ఆ కుర్చీ కూడా పుచ్చుకునేవారు కాదు. చర్చిలో చిట్టచివరి బల్ల మీదే కూర్చునేవారు. ప్రతి ఆదివారం పాస్టరుగారు "అయ్యా, ముందుకు రండి" అని మైకులో పిలవాల్సి వచ్చేంత చివర.

సంఘం పెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా పాటబృందానికి పద్దెనిమిది తెల్ల అంగీలు కుట్టే పని ఆయనకొచ్చింది. బృందాన్ని నడిపేది ఆయన మరదలే.

"బావగారూ, వెనక వరుసలోకి కొత్తగా ఏడుగురు నర్సింగు అమ్మాయిలు వచ్చారు. పంపిస్తాను, కొలతలు తీసుకోండి."

"కొలతలెందుకమ్మా? ఆదివారం పాడేటప్పుడు చూస్తాగా. దేవుడిచ్చిన తలాంతుని, ఈ కంటి నేర్పుని, పెట్టెలో పెట్టి తాళం వేసుకోమంటావా?"

చూశారు, చివరి బల్ల మీంచి. ఈ కాలం పిల్లలు తాటిచెట్లలా ఎదుగుతున్నారనుకుని, ఇంటికెళ్లి ఆ లెక్కనే కత్తిరించారు. ఆయన గుర్తుపెట్టిన చోట అంచులు మడిచి చేతికుట్టు వేసింది, కాజాలు తీసింది ఆయన భార్య. ఆవిడ పనితనం ఎప్పుడూ అంతే, ఆయన దయలో కలిసిపోయేది.

ఆరాధనకి ముందురోజు మధ్యాహ్నం చర్చి పక్కగదిలో అందరూ అంగీలు తొడుక్కుని చూశారు. ముందు వరుస పదకొండు మందికీ అతికినట్టు సరిపోయాయి. వెనక వరుసలో మొదటి అమ్మాయి తన అంగీ తనే తొక్కింది. రెండో అమ్మాయి ఆమెను పట్టుకోబోయి మూడో అమ్మాయి అంగీ తొక్కింది. నాలుగో అమ్మాయి తెలివిగా కదలకుండా నిలబడిపోయింది.

"బావగారూ! ఇవి పాడటానికా, నేల తుడవటానికా?"

దయగారు నోరు తెరిచారు. ఈ సమయంలో దేవుణ్ణి పిలవడం బాగుండదని తోచింది. పక్కన భార్య కనబడింది.

"అంచులు మీ అక్కే మడిచింది. ఇంకాస్త లోపలికి మడవాల్సింది."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఏమీ అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనకుండా ఊరుకున్నది రెండేసార్లు. ఆ రెండుసార్లూ ఆయన వారం రోజులు హోటల్లో తిన్నారు.

"మేం బల్లెక్కి నిలబడతాం కదా అంకుల్," అంది కదలని అమ్మాయి. "చెక్కకటకటాల వెనకాల ఉంటుంది. మీకు కనబడదేమో."

దయగారు పరుగెత్తుకెళ్లి ఆ బల్ల ఎత్తు చేత్తో కొలిచారు. జానెడు. తిరిగొచ్చి నేల మీద జీరాడుతున్న అంగీ కొలిచారు. జానెడు!

"చూశారా! నా కన్ను తప్పలేదు! వెంట్రుకవాసి తప్పలేదు!"

ఆ మాటలో దేవుడు ఎక్కడా లేడు.

"మీ కన్ను తప్పలేదు. అంచు తప్పిందన్నమాట," అంది భార్య, తాపీగా. "కుదిరితే దేవుడిది, కుదరకపోతే నాది. మధ్యలో మీరెవరండీ, పోస్టుమానా?"

గుమ్మంలో నిలబడి చూస్తున్న పాస్టరుగారికి దగ్గొచ్చింది. అమ్మాయిలు అంగీలు ఎత్తిపట్టుకుని గోడవైపు తిరిగారు.

ఆవిడ సూదులడబ్బా ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. "ఏడు అంచులూ విప్పి పొద్దుటికల్లా మళ్లీ మడవాలి. తప్పు ఎవరిదో తేలనివ్వండి, అప్పుడు సూది పట్టుకుంటాను."

ఆయనకి చేతికుట్టు రాదు. అది ఆవిడకీ తెలుసు, మరదలికీ తెలుసు.

"మనమందరం బలహీనులమే..." అని మొదలుపెట్టారు దయగారు.

"అందర్నీ కలపకండి."

"నేను ఘోరపాపిని."

"అంత పెద్దవి వద్దు. అంగీల సంగతి చెప్పండి."

లోకంలో ఉన్న పాపాలన్నీ ఒప్పుకోవడం తేలిక. జానెడు గుడ్డ ఒప్పుకోవడమే కష్టం. దయగారు మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"టేపు పెట్టి కొలవలేదు," అన్నారు చివరికి. "పెడితే జనం ఏమనుకుంటారోనని. గుర్తు నేను ఎక్కడ పెట్టానో ఆవిడ అక్కడే మడిచింది. తప్పు నాదే."

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది.

ఆ తరవాత గంటసేపు దయగారు ఏడుగురి కాళ్ల దగ్గరా మోకాళ్ల మీద దేక్కుంటూ, టేపు పెట్టి కొలుస్తూ గుండుసూదులు గుచ్చారు. మోకాళ్లు టపటపమన్నాయి. ఒకమ్మాయికి చక్కిలిగింతలు, రెండుసార్లు కొలవాల్సి వచ్చింది. మరదలికి జాలేసింది.

"పోన్లెండి బావగారూ. ముందు వరుసవి మాత్రం బ్రహ్మాండంగా కుట్టారు."

ఆయన నోట్లో పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశారు.

"అవునమ్మా, బాగా కుట్టాను. మీ అక్క అంతకన్నా బాగా మడిచింది."

భార్య పంటితో దారం కొరికింది. "ఆ మూడోదానికి మెడ దగ్గర కాస్త వదులు."

దయగారు నేల మీద చెయ్యానించి లేచి, టేపు పట్టుకుని మూడో అంగీ దగ్గరికి వెళ్లి చూశారు. పావంగుళం, వదులే.