ఖాళీ తిరగలి

దగ్గరికి జరిగి కూర్చోండి, తొందర పడకుండా వినండి. మొన్న కొండ మీదికి తీసుకెళ్ళిన నా గుడ్డసంచిలో వేయించిన సెనగల వాసన ఇంకా పోలేదు. బస్సు మలుపుల్లో కడుపులో తిప్పకుండా నోట్లో వేసుకుందామని పట్టుకెళ్ళినవి. సగం అక్కడి మ్యూజియంలో పిండి చేసి వచ్చాను.

కొండవాళ్ళ బుట్టలు, విల్లంబులు, డప్పులు దాటి పోతే ఒక మూల తిరగలి పెట్టారు. పక్కన పలక మీదున్నది మనవరాలు చదివి, "అవ్వా, పాతకాలం వాళ్ళదంట, ఇప్పుడు ఎవరూ వాడరంట" అంటూ పిడి పట్టుకుంది. "తిప్పబాకే" అని చెయ్యి ఆపేశాను.

సముద్రం దగ్గరున్న మా ఊరు మురుంగపాక్కంలో, మా వసారాలో అచ్చం అలాంటిదే ఉండేది. అరవవాళ్ళ ఆషాఢమైన ఆడి నెల శుక్రవారాల్లో అమ్మవారికి అంబలి పోసేందుకు మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, మా అమ్మకు ఎదురుగా కాళ్ళు చాపి కూర్చుని, ఒకే పిడిని ఇద్దరూ పట్టుకుని, ఉప్పుగాలికి చెమట ఆరుతుంటే పొద్దెక్కేదాకా రాగులు విసిరేవాళ్ళు. ఆ వెచ్చని పిండి వాసనకు మేం పిల్లలం గచ్చకాయలు వదిలేసి చుట్టూ చేరేవాళ్ళం. ఖాళీ తిరగలి తిప్పితే ఇంటికి ఆకలి వస్తుందని కట్టడి. ఆరేళ్ళప్పుడు, ఎవరూ లేనప్పుడు, ఆ గరగర చప్పుడు కోసం తిప్పాను. ఆ కార్తీక వానలకు చేను మునిగింది. నెలల తరబడి గంజితోనే సరిపెట్టుకున్నాం. నావల్లేనని ఏడుస్తూ జేజికి చెప్పాను.

"నీ చేతికి అంత బలం యాడిదే? వాన నిన్ను అడిగి కురిసిందా ఏంది?" అని నవ్వింది. "రాయి రాయిని తింటే పిండిలో ఇసక పడతాది. అది బిడ్డల పంటికింద పడకూడదనే పెద్దోళ్ళు అట్టా బెదిరించినారు."

అదే మనవరాలికి చెప్పి, గుప్పెడు సెనగలు తిరగలి నోట్లో పోశాను. కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఇది చూసేదానికేమ్మా, గింజలు పొయ్యకూడదు" అన్నాడు అరవంలో.

"చూసేదానికైతే పిడి ఎందుకు బిగించినారు నాయనా? వచ్చినోళ్ళంతా ఉత్తదాన్నే తిప్పి అరగదీస్తా ఉండారు. అరిగిపోయినాక ఏం చూపిస్తారు?"

ఆయన ఆలోచించుకునేలోపే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మొదట బూడిదరంగు పిండి రాలింది, అంతా ఇసకే. తుడిచేసి ఇంకో గుప్పెడు పోశాం. ఈసారి పసుపుగా దిగింది. చిటికెడు ఆయన చేతిలో పెడితే నోట్లో వేసుకుని, "చక్కెర ఉందా అమ్మా?" అన్నాడు.

మా చేను ఉన్నచోట ఇప్పుడు మేడలు లేచాయి. మా తిరగలి కొత్తింటి పునాదిలో పడిపోయింది. జేజి లేదు, అమ్మా లేదు. పోయినవి పోయాయని ఒప్పుకుంటాను. ఎవరూ వాడరన్న మాట మాత్రం ఒప్పుకోను. ఆ పూట మేం వాడాం, మనవరాలి అరచేతిలో పొక్కు ఇంకా మానలేదు.

మీ ఇంట ఎసరు మరుగుతూ ఉండాలి, అడిగిన బిడ్డకు రెండో ముద్ద దక్కాలి.