పదిహేడో నంబరు దరఖాస్తు

అరుంధతి చిక్కడపల్లిలో పుట్టింది, నారాయణగూడలో చదివింది, అశోక్‌నగర్‌లో అవమానపడింది. మూడూ నడక దూరంలోనివే. 1999లో ఆమె అశోక్‌నగర్‌లోనే ప్రహ్లాద్ అనే ఆయన కోచింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూసేది. అక్కడ ఇరవై మంది పేద విద్యార్థులకు మా ట్రస్టు ఉచితంగా సీట్లు ఇప్పించేది. దరఖాస్తు అరుంధతి తయారుచేసిన వెబ్‌సైటులోనే చేయాలి. ముందు పంపిన ఇరవై మందికే సీటు. ట్రస్టు కార్యదర్శిగా ఆ కాగితాలన్నీ నేనే భద్రపరిచాను.

ఎవరు ఏ ఫారం పంపినా, దానిపై మరే పనీ జరగకముందే అది లాగ్ ఫైలు అనే చిట్టా చివర ఒక వరుసగా చేరేటట్టు అరుంధతి ఏర్పాటు చేసింది: తేదీ, సమయం, పంపిన కంప్యూటరు నంబరు, నింపిన వివరాలు. పాస్‌వర్డు ఉన్నచోట చుక్కలు మాత్రమే పడేవి. దరఖాస్తుల రోజున తాకిడికి సర్వరు నెమ్మదించింది. లాగ్ ఆపెయ్యమన్నాడు ప్రహ్లాద్. ఆమె ఆపలేదు, పేజీలోని బొమ్మలు తీసేసి భారం తగ్గించింది.

పాలమూరు నుంచి వలస వచ్చి అడిక్‌మెట్ బస్తీలో ఉంటున్న కూలీ మాసమ్మ కూతురు స్వర్ణ. హిమాయత్‌నగర్ ఇంటర్నెట్ సెంటర్లో ఫారం నింపి, వచ్చిన పదిహేడో నంబరును చీటీ మీద రాసుకుంది. జాబితాలో ఆమె పేరు లేదు. చివరి పేరు, ఇరవై ఒకటో నంబరు వచ్చిన ప్రహ్లాద్ మేనల్లుడిది.

మాసమ్మ కూలి మానుకొని వచ్చి అడిగితే, ఆయన అందరి ముందూ అరుంధతిని పిలిచి, "ఈమె ప్రోగ్రామే మీ పిల్ల ఫారం మింగింది. ఏం జేస్తం?" అన్నాడు. అరుంధతి చేత క్షమాపణ రాయించి నోటీసు బోర్డుకు గుచ్చాడు. నిజంగానే తన తప్పేమోనని రాసిందట.

ఆ సాయంత్రం ఆమె లాగ్ తిరగేసింది. దరఖాస్తుల రోజు ఉదయం పది గంటల నాలుగు నిమిషాలకు స్వర్ణ ఫారం చేరింది. అదే రోజు సాయంత్రం నాలుగూ నలభైకి మరొక వరుస. దరఖాస్తును తొలగించే పేజీ కూడా ఫారమే, అదీ ఆ సర్వరుకే పోతుంది. తుడిస్తే జాడ ఉండదనుకున్న పెద్దమనిషి, తన నేరాన్ని తానే నింపి పంపాడు: నంబరు పదిహేడు, తొలగించు, పేరు ప్రహ్లాద్, కంప్యూటరు ఆయన గదిది.

అరుంధతి ఆ వరుసలు ప్రింటు తీసి, మాసమ్మను వెంటబెట్టుకొని, మా కమిటీ సమావేశానికి వచ్చింది. ప్రహ్లాద్ గొంతు తగ్గించి, "జర లోపల మాట్లాడుకుందం అమ్మా" అన్నాడు.

"నన్ను బోర్డుకెక్కించినప్పుడు లోపల యాదికి రాలేదా సార్?" అంది అరుంధతి.

మాసమ్మ ఆయనను ఎగాదిగా చూసింది. "ఫారం మింగిన ప్రోగ్రాం గీయనేనా బిడ్డా?"

స్వర్ణకు ఆ రోజే సీటు ఇచ్చాం. అది చాలని కమిటీలో ఒకరిద్దరన్నారు. నాకు చాలలేదు, అరుంధతికీ చాలలేదు. మేం పట్టుబట్టడంతో, ఆమె రాసిన క్షమాపణనే, పేరు మాత్రం మార్చి, ప్రహ్లాద్ తన చేత్తో తిరగరాసి అదే బోర్డుకు, అవే గుండుసూదులతో గుచ్చాడు. వారం రోజులు ఉండాలని మా షరతు. ఎనిమిదో రోజున అరుంధతి దాన్ని దించి, రాజీనామా ఆయన బల్ల మీద పెట్టి, ఆ క్షమాపణ కాగితం నాకు తెచ్చిచ్చింది.

తిరిగిమ్మని ఆయన రెండుసార్లు మనిషిని పంపాడు. నా బీరువాలోనే ఉంది. ఇవ్వను.