వదిన కాపురానికి ఎంక్వైరీ

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళలో మా వైపు కాగితానికి దక్కినంత గౌరవం మనిషికి దక్కలేదు. అంతకుముందు ఆలూరు దగ్గర మా ఊళ్ళో ఫలానావాడు ఫలానావాని కొడుకని నలుగురు చెబితే చాలు, వాడు కొడుకే. రాజధాని వచ్చాక ఆ సంగతి రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయించి తెస్తే తప్ప కొడుకు కొడుకు కాడు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఎస్సెస్సెల్సీ ప్యాసై ఊరి బడిలో టీచరుగా చేరి మూడు నెలలైంది. ఊరి మొత్తంలో ఇంగ్లీషు రాయగల ఆడది నేనొక్కదాన్నేనని గర్వం. కోపమంటారా, అది పుట్టినప్పటి నుంచీ ముక్కు మీదే ఉంది. ఈ రెండూ కలిసి మా వదిన కాపురాన్ని ఎంత పని చేయబోయాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. (ఎవరి మీద మండుతుందో మీరే చూడండి.)

మా వదిన డెన్మార్కు దేశస్థురాలు. మా అన్న ఆదోని దగ్గర ఒక వ్యవసాయ శిక్షణ కేంద్రంలో వేరుసెనగ పాఠాలు చెప్పేవాడు. రెండు దేశాలూ చేసుకున్న ఏర్పాటు ప్రకారం మనవాడొకడు పాడి నేర్చుకోవడానికి అక్కడికి పోయాడు, బదులుగా ఈ పిల్ల పాడి నేర్పడానికి ఇక్కడికి వచ్చింది. రెండేళ్ళ వీసా. గడువు తీరితే ఎవరి దేశానికి వాళ్ళు పోవలసిందే. మా ఊరి ముసలమ్మలు దీన్ని కుండమార్పు కింద జమ కట్టారు (పిల్లనిచ్చిన ఇంటి నుంచే పిల్లను తెచ్చుకోవడాన్ని మేము అట్లా అంటాం). ఆ పిల్ల ఇక్కడే నిలిచిపోతే మన పిల్లవాణ్ణి అక్కడే ఉంచుకోమంటే సరిపోతుంది కదా అని వాళ్ళ న్యాయం. ఆ మాటకొస్తే కర్నూల్లో ఏ ఆఫీసులోనూ అంత తెలివైన మాట నేను వినలేదు. ఆమె వెన్న తీయడం నేర్పుతుందని ఊరంతా వెన్నమ్మ అని పేరు పెట్టారు. మా ఆవులు పూటకు అర్ధసేరు పాలు, రెండు తన్నులు ఇచ్చేవి. వెన్న పెద్దగా రాలేదు గానీ ఏడాదిన్నరలో ఆమెకు తెలుగు వచ్చింది, అదీ మా వీధి తెలుగు. దాంతోపాటు మా అన్న కూడా వచ్చాడు.

పెళ్ళి మాట చెవిన పడగానే మా అమ్మ మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు ఆకలేసి ఒప్పుకుంది. కర్నూల్లో రిజిస్టరు చేయించి, ఇంటి ముందు పందిరి వేసి మళ్ళీ తాళి కట్టించారు. కన్యాదానం చేయడానికి ఆడపిల్ల వైపు ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి మా మేనత్త, మామ పీటల మీద కూర్చున్నారు. ఆ లెక్కన మా వదిన పుట్టిల్లు మా ఇంటికి సరిగ్గా మూడిళ్ళ అవతల. వీసా గడువు ఇంకా రెండున్నర నెలలుంది. ఇక్కడి మనిషిని చేసుకున్నాను, ఇక్కడే శాశ్వతంగా ఉండనివ్వండి అని అర్జీ పెట్టాలి. ఎనిమిది పేజీల ఆ అర్జీని పూర్తి చేసింది ఎవరనుకున్నారు? నేనే. కొత్త పాళీ తెప్పించుకుని మరీ రాశాను. అనుమతి రాకపోతే గడువు తీరిన రోజున ఆమె మెళ్ళో తాళితోనే ఓడెక్కాలి, మళ్ళీ రానిస్తారో లేదో చెప్పే దిక్కు లేదు. అందుకే మా అన్న ఆ నెలల్లో కంటినిండా నిద్రపోలేదు.

ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. కొత్త కోడలు, అత్త ఆ నెలలో ఒకే గడప దాటకూడదని మనందరికీ తెలిసిందే. అమ్మ ఒక మాటకు రెండో మాట లేకుండా వదిన ట్రంకుపెట్టెను మా మేనత్త ఇంటికి మోయించింది. ఇంతోటి మూడిళ్ళ దూరానికి ఆషాఢమేమిటని నేను ఎగిరాను. అమ్మ వినలేదు. మా అన్న పాట్లు చూసి ఊరు నవ్వింది. పొద్దున గొడ్డలి కావాలని అత్తగారింటికి పోయేవాడు, మధ్యాహ్నం గొడ్డలి తిరిగి ఇస్తానని పోయేవాడు, సాయంత్రం ఇంకో గొడ్డలి ఉందా అని అడగడానికి పోయేవాడు. అల్లుడు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కరాదని మా మేనత్త వాకిట్లోనే గొడ్డలి చేతికిచ్చి తోలేసేది. వదిన గోడ మీద నుంచి తల బయటపెట్టి, "ఏమప్పా, కట్టెలు కొట్టేది శానా ఉండాదా?" అని అడిగేది.

సరిగ్గా ఆ వారంలోనే ఎంక్వైరీకి హెడ్డు సాయిబు వచ్చాడు. ఆలూరు వైపు ఊళ్ళన్నీ సైకిల్ మీద తిరిగే హెడ్డు కానిస్టేబులు, నెమ్మదస్తుడు, మా ఇంటి సంగతంతా ఎరిగినవాడు. ఆయన తెచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది, ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను రాసిపెడితే చివర సంతకం చేస్తానన్నాడు. వయసు, రంగు, ఎత్తు అన్నీ రాసుకుంటూ పోయాను. పదకొండో గడిలో ఒక ప్రశ్న: అర్జీదారు భర్తతో కలిసి ఒకే ఇంట్లో నివసిస్తున్నదా? పక్కన అవును, లేదు. నేను పాళీ ఎత్తి ఆలోచిస్తుంటే సాయిబుకు సంగతి అర్థమైంది.

"అవునని రాయి టీచరమ్మా. మూడిండ్లే గదా. నెలైతే వస్తాది గదా ఆ పాప."

"ఇప్పుడు లేదు గదా. నేను అబద్ధం రాయను."

"అబద్ధం గాదమ్మా, ఆషాఢం."

నేను 'లేదు' చుట్టూ గుండ్రంగా గీశాను. పిల్లలకు పొద్దున నిజమే పలకవలెనని బోర్డు మీద రాసి, సాయంత్రం పోలీసు కాగితంలో అబద్ధం రాయడమా! సాయిబు సంతకం చేసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నేను ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో చెబితే సిగ్గు.

పన్నెండో రోజున కర్నూలు నుంచి జాబు వచ్చింది. భార్యాభర్తలు కలిసి కాపురం చేయడం లేదని విచారణలో తేలినందున, ఈ వివాహం వీసా కోసమే జరిగినట్టు కనిపిస్తున్నందున, అర్జీదారు గడువులోగా దేశం విడిచి వెళ్ళవలెను. గడువు ఇంకా ఏడు రోజులు. మా అన్న ఆ జాబు చేతిలో పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పగలంతా గొడ్డళ్ళు మోసినవాడి పెళ్ళి దొంగపెళ్ళా? మొగుడి మీద బెంగతో గోడ పట్టుకుని వేలాడుతున్న పిల్లది కాపురం కాదా? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఆ జాబు రాసినవాణ్ణి ముఖం మీదే కడిగేసి వస్తానని, అన్ననూ వదిననూ వెంటబెట్టుకుని మర్నాడే కర్నూలు బస్సెక్కాను.

ఆదివారమైనందున ఆఫీసు మూసి ఉంది. జాబు మీద సంతకం చేసిన సూపరింటెండెంటు ఇల్లు వెతుక్కుంటూ పోయాం. మద్రాసు నుంచి ఆఫీసుతోపాటు తరలివచ్చిన మనిషి, రెండు గదుల అద్దె ఇంట్లో, సగం విప్పని సామాను మధ్య పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా అన్న చేతులు కట్టుకుని చెప్పుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు. మొగుడొక ఇంట్లో, పెళ్ళామొక ఇంట్లో ఉంటే దాన్ని కాపురమని ఎట్లా రాసుకోవాలయ్యా అన్నాడు. లోపలి నుంచి ఒక అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది. కాళ్ళకు పారాణి, కొత్త మెట్టెలు. మెళ్ళో పసుపుతాడు.

"ఈమె మీ కూతురా సార్?" అన్నాను.

"అవును."

"మీ అల్లుడు ఏ గదిలో ఉన్నాడు?"

ఆయన కళ్ళు తెరిచాడు. అల్లుడిది నెల్లూరు అని గొణిగాడు. అయితే మీ కూతురిది కూడా దొంగపెళ్ళే అని రాసుకోండి, ముందు ఆ జాబు మీ వియ్యంకుడికి పంపండి, తర్వాత మాకు పంపుదురు గానీ అని నేను అందుకున్నాను. ఆ తర్వాత ఏమేమి అన్నానో నాకు సరిగా గుర్తులేదు, అన్న నా మోచేయి గిల్లడం మాత్రం గుర్తుంది. వంటింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సూపరింటెండెంటు ముఖం కందగడ్డైంది. లేచి, పెట్టె మీద, ఇంటికి తెచ్చుకున్న ఆఫీసు కట్టల్లోంచి మా కాగితం లాగి నా ముందు పరిచాడు.

"ఈ దస్తూరీ ఎవరిది?"

"నాదే."

"పదకొండో గడి కింద మూడు వేళ్ళ ఖాళీ ఉంది చూడు. అది ఎందుకు వదిలారనుకున్నావు? ఆషాఢమని అక్కడ ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? చదివేవాడు తెలుగువాడే కదా!"

చెంప మీద కొట్టినట్టైంది. ఖాళీ ఉంది. నేను చూశాను కూడా. జవాబు ఒక్క మాటలో ఉంటేనే అందం అని మా ఇంగ్లీషు మాస్టారు చెప్పిన పాఠం పట్టుకుని, అందం కోసం వదిలేశాను. ఇన్ని రోజులూ ఊరి మీద, ప్రభుత్వం మీద, అమ్మ మీద మండిపడ్డ నేను మొదట మండిపడవలసింది ఎవరి మీదో అప్పుడు తెలిసింది. ఆయనే కాస్త చల్లబడి, రాసింది చెరపడం తన తరం కాదనీ, గురువారం నాడు మళ్ళీ ఎంక్వైరీకి పంపుతాననీ, ఆ పూట మొగుడూ పెళ్ళామూ ఒక ఇంట్లో కనబడాలనీ, అది తప్పితే శనివారంతో గడువు సరి అనీ అన్నాడు. ఆషాఢం వెళ్ళడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఇల్లు చేరగానే నా కోపమంతా అమ్మ మీద కుమ్మరించాను. (తప్పు చేసినవాళ్ళకే గొంతు పెద్దది.) నీ పిచ్చి నమ్మకానికి కొడుకు కాపురం కూలుతుందన్నాను. అమ్మ వేరుసెనగ కాయలు ఒలుస్తూ అంతా విని, తలెత్తకుండా చెప్పింది.

"నా మొదటి ఆషాఢంలో కరువు. మా అమ్మోళ్ళకే గంజి లేదు, నన్ను తోల్కపోలేదు. ఆ నెల్లోనే మా అత్త జరమొచ్చి పాయ. ఇరవై ఏండ్లు ఈ ఊరు నన్ను అత్తను మింగినదానా అనింది. సొంత పిల్లనే అంత మాట అన్నోళ్ళు, దేశం గాని దేశం పిల్లను ఊరికే ఇడుస్తారా? నాకు జలుబు జేసినా దాని మీద పెడతారు."

పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ సంగతి నాకు తెలియదు. అడగలేదు గనుక తెలియదు.

గురువారం హెడ్డు సాయిబు వచ్చేసరికి వాకిట్లో సగం ఊరుంది. అమ్మ తనే పోయి వదినను చేయి పట్టుకుని నడిపించుకొచ్చింది. గడప ముందు ఆగి, సాయిబును పిలిచింది.

"సాయిబూ, ముందు ఇది రాయి. ఈ నెల్లో నాకేమన్నా ఐతే అది నా ఆయుస్సు తీరి ఐనట్టు. నా కోడలి వల్ల గాదు."

సాయిబు కాగితంలో వెతికాడు. అటువంటి గడి లేదు. నేను కింద ఖాళీ చూపించాను. ఆయన తెలుగులో నిదానంగా, ఒక్కో అక్షరమే రాశాడు.

"సదువు," అంది అమ్మ. ఊరంతా వినేటట్టు చదివించి, వేలిముద్ర వేసింది.

అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని కుడికాలు ఎత్తింది. వదిన కదల్లేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "అత్తా, నీకేమన్నా ఐతే నేను యాడికి పోను?" అంది. అమ్మ ఆమె చేయి లాగింది. ఇద్దరూ గడప దాటారు. లోపల మా అన్న మంచం మీద కూర్చుని, కాపురం చేస్తున్నట్టు కనబడడానికి ఏం చేయాలో తెలియక, గొడ్డలి నూరుతున్నాడు.

శనివారం నాటికి తాత్కాలికంగా ఒక జాబు, శ్రావణంలో అసలు అనుమతి వచ్చాయి. అమ్మకు ఆషాఢంలో ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికింది. రెండేళ్ళకు నన్ను కడపకు ఇచ్చారు. నా మొదటి ఆషాఢానికి నన్ను తోలుకుపోవడానికి వదినే కడప వచ్చింది. నాకు ఈ చాదస్తాలు లేవని మొండికేస్తే, నీకు లేకుంటే మీ అత్తకుండాది, లెయ్యమ్మా అని నా పెట్టె తనే సర్దింది.

ఇప్పుడు అమ్మా లేదు, అన్నా లేడు. ఇల్లూ పొలమూ, రెండు గేదెలూ వదినవే, తాళంచెవుల గుత్తి ఆమె నడుముకే ఉంటుంది. పోయిన ఎండాకాలం గుంతకల్లులో రైలు దిగి, బస్సెక్కి, చెమటలు కక్కుతూ నేను పుట్టిన ఇంటి వాకిట్లో నిలబడ్డాను. వదిన తెల్లజుట్టు ముడేసుకుంటూ ఎదురొచ్చి, నా చేతిసంచి అందుకుని, "రా పాపా, ఎన్ని దినాలుంటావు?" అని అడిగింది.

నాకు చర్రున కోపం వచ్చింది. ఆమెను ఈ ఇంట్లో ఉండనివ్వమని కర్నూలు దాకా పోయి అరిచింది నేను. వారం అన్నాను ముక్తసరిగా.

"వారం ఏం చాలుతాది, ఇంకో నాలుగు దినాలుండు," అంది వదిన.

సరేనన్నాను. అరుగు మీద కూర్చున్నాక నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. పొడిగింపు ఇచ్చినావిడ అప్పటికే నాకు మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.