తెల్లలోహం పోసిన పొద్దు

మొన్న మా మనవడు బోరు మోటారుకు కొత్త బేరింగు కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టే చక్రం, లోపల మెరిసే ఉక్కు గుండ్లు, పైన నూనె కాగితం. పాడైతే ఏం చేస్తారని అడిగితే, పారేసి ఇంకొకటి తెచ్చుకుంటారని నా అమాయకత్వానికి నవ్వాడు. నాకు చదువు అబ్బలేదుగానీ, బేరింగంటే ఏమిటో వాళ్ల నాయన పుట్టకముందే తెలుసు.

నేను నంద్యాలకు కాపురానికొచ్చిన కొత్తలోనే ఆళ్లగడ్డ వైపు బావుల మీదికి ఆయిల్ ఇంజన్లు దిగాయి. మా ఆయనకు అన్న, అంటే మా బావ, వాటిని బాగుచేసేవాడు. ఇంజన్‌లో ఇరుసు తిరిగే చోట ఇనుప చిప్పలుంటాయి. వాటి లోపలివైపు సీసం, తగరం కలిపిన మెత్తటి తెల్లలోహం పోసి ఉంటుంది. నూనె అందకపోతే అది కరిగిపోయి ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. అప్పుడు రైతు ఆ చిప్పల్ని గోనెపట్టాలో చుట్టుకుని, బస్సెక్కి వచ్చి మా పెరట్లో కూలబడేవాడు. బావ చిప్పల మధ్య ఇనుపకడ్డీ నిలబెట్టి, సందులన్నీ బంకమట్టితో మూసేవాడు. రాళ్లేరి, మట్టి పిసికి ఇచ్చే పని నాది. ఆ అచ్చును నిప్పుల మీద బాగా కాంచి, తడంతా పోయాక, కడ్డీ చుట్టూ కరిగిన లోహం పోయాలి. కందిపుల్ల ముంచి తీస్తే నల్లబడాలి, నిప్పంటుకోకూడదు. అప్పుడు లోహం అదునుకొచ్చినట్టు. లోపల ఒక్క నీటిచుక్క మిగిలినా ఆవిరై లోహాన్నంతా ఎగజిమ్ముతుంది. అందుకే ఆ పొద్దు పెరట్లో తడిగుడ్డ కూడా ఆరేయనిచ్చేవాడు కాదు. పుట్టింటి మీద బెంగతో నేను ముక్కు చీదుతుంటే మా అక్క, అంటే బావ భార్య, నవ్వేది.

“ఈ పొద్దు మీ బావ ముందర ఏడవొద్దు మ్మే. ఆయప్పకు కన్నీళ్లు గూడా తడే.”

అక్కకూ ఒక పట్టింపు ఉండేది. పసుపూ కుంకుమా పెట్టనిదే ఏ అచ్చూ పోయనిచ్చేది కాదు. బావ కాదనేవాడు కాదు. అచ్చు నిప్పుల మీదికి ఎక్కకముందే పెట్టించేసేవాడు, ఆ తడి వేడికి పోయేది. మొగుడూ పెళ్లాల్లో ఎవరి మాటా తగ్గకుండా అలా నడిచిపోయేది.

వానలు మొహం చాటేసిన ఆ ఏడు, ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక మిరపతోట రైతు వచ్చాడు. కూర్చోడు, నిలబడడు, మాటిమాటికీ వీధి వైపు చూస్తాడు. అక్క తలకు పోసుకుంటోంది; స్నానం కానిదే పసుపు ముట్టదు. ఆ రైతు తొందర చూడలేక బావ అచ్చు ముందే కాంచి దించేశాడు. అది చాలావరకు చల్లారి, లోహం కాగుతున్న సమయానికి, అక్క జుట్టుకు తువ్వాలు చుట్టుకుని తడిపసుపు గిన్నెతో గబగబా వచ్చింది. వేలితో అద్దింది. పరాయి మనిషి తోట బతకాలనేమో, ఎప్పుడూ లేనిది, మూడు వేళ్లతో పసుపునీళ్లు కూడా చిలకరించి లోపలికి వెళ్లిపోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను.

బావ చూశాడు. అచ్చు వైపు చెయ్యి చాచి, ఆపేశాడు. ఇల్లాలు పసుపు పెట్టినదాన్ని తుడవడానికి చెయ్యి రాలేదు.

“ఆగప్పా, ఇంకొకతూరి కాంచుతా,” అన్నాడు.

“బస్సు పోతాదన్నా. ఆడ తోట వాడిపోతాండాది. తడి యాడుంది, ఆరిపోయింది గదా.”

బావ వంగి చూసి, నోటితో ఊది, గరిటె ఎత్తాడు.

తుపాకీ పేలినట్టయింది. పొగ తగ్గేసరికి బావ మోకాళ్ల మీద ఉన్నాడు, చేతులు రెండూ మొహం మీద. వేళ్ల సందుల్లో లోహం చుక్కలు చుక్కలుగా గడ్డకట్టి మెరుస్తోంది. రెండు కళ్లూ పోయాయని ఆస్పత్రిలో చెప్పారు.

ఎలా జరిగిందని అక్క అడగని మనిషి లేడు. ఒకరోజు ఆమె గంజి తేవడానికి ఇంటికి పోయినప్పుడు బావ నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. అంతవరకూ ఆయన ఎదుట నేను తలెత్తి మాట్లాడి ఎరగను.

“మట్టి పచ్చిగా ఉండిందని చెప్పినానమ్మా మీ అక్కకు. పిసికింది నువ్వే గదా. అది కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు తెలిస్తే బతకదు. నువ్వు మోయగలవు.”

సరే అన్నాను. ఏం మోయాలో అప్పటికి నాకేం తెలుసు. మా ఆయన కూడా మట్టి మాటే నమ్మాడు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. వేరుశనగ మిల్లులో కాయలు వలిచి మొగుణ్ణి సాకింది. కానీ ఆ తర్వాత ఎప్పుడూ నా చేత రొట్టెల పిండి కూడా పిసకనివ్వలేదు. నేను గిన్నె ముందు కూర్చుంటే, లాక్కుని తనే పిసుక్కునేది.

బావ పోయాక, బంధువులంతా వెళ్లిపోయిన సాయంత్రం, అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. పిండిగిన్నె నా ఒళ్లోకి జరిపింది.

“అప్పుడు చిన్నదానివి నువ్వు, తెలీక చేసినావు. ఇంక మనసులో పెట్టుకోవద్దు మ్మే,” అంది.

సరేలే అక్కా అని పిండిలో నీళ్లు పోశాను.

అక్క కూడా పోయి చాలా ఏళ్లయింది. చెప్పొద్దన్న మనిషీ లేడు, తెలియకూడని మనిషీ లేదు. అయినా ఈ మధ్య ఆ పొద్దు మట్టి నిజంగానే పచ్చిగా ఉండిందేమోనని నాకే అనిపిస్తోంది. కాలం ఆ బరువు దించకుండానే, అది ఎవరిదో మరిపిస్తూ వస్తోంది.