లేఅవుట్ నిలబెట్టిన లక్ష్మీప్రసన్న

కిష్టారెడ్డిపేటలోని మా లేఅవుట్‌లో రెండు వందల పన్నెండు ప్లాట్లు ఉన్నాయి. నూట అరవై మంది ఇళ్ళు కట్టుకున్నారు. తొంభై ఆరో ప్లాటులోని మూడంతస్తుల ఇంట్లో, మొదటి అంతస్తులో కిరాయికి ఉండే లక్ష్మీప్రసన్న పేరు ఇక్కడ ఏ శిలాఫలకం మీదా లేదు. నా పేరు నాలుగింటి మీద ఉంది. అయినా మొన్నటి శ్రావణమాసంలో జరిగిన సంగతి తర్వాత ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలని, ఆ పని నేనే చేయాలని తేల్చుకున్నాను. ఆ రోజు భయం పుట్టించింది నేను కనుక.

నా సంగతి ముందు చెప్పాలి. నా పేరు లింగం. అందోలు దగ్గర పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ ఏడు లెక్కల్లో బడి మొత్తానికి నేనే మొదటివాణ్ణి. పటాన్‌చెరులో లేత్ మిషను మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. నేను తిప్పిన షాఫ్టును ఇన్‌స్పెక్షన్‌వాళ్ళు ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు. ఉత్తమ కార్మికుడని రెండుసార్లు శాలువా కప్పారు. మంజీర నీళ్ళ కోసం పదకొండు దరఖాస్తులు నా చేత్తో రాశాను. తొమ్మిదేళ్ళుగా ప్లాట్ల యజమానుల సంఘానికి కార్యదర్శిని. నేను చెప్పిన మాటను ఈ లేఅవుట్‌లో రెండోసారి అడిగినవాళ్ళు లేరు. ఆ గౌరవమే ఆ రోజు కొంప ముంచబోయింది.

లక్ష్మీప్రసన్న నాన్న సూర్యప్రకాశరావుగారు కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ రంగ కర్మాగారానికి ఫిట్టరుగా వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. ఆమె పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్స్‌లో. భర్త హరినాథ్‌కి గడ్డపోతారంలో మందుల కంపెనీ ల్యాబులో షిఫ్టు డ్యూటీలు. ఆమె ఇంట్లోనే, వంటింటి గోడకి ఆనించిన బల్ల దగ్గర కూర్చుని, ఎవరో కట్టి వదిలేసిన వెబ్‌సైట్లను బాగుచేస్తుంది. జోగిపేటలో ఒక బడిది, పటాన్‌చెరులో ఒక బేరింగుల దుకాణానిది, మా సంఘానిది. తెర మీద రెండు పెట్టెల మధ్య ఖాళీ సరిపోయిందో లేదో చూడటానికి, నాన్నగారు ఇచ్చిన ఆరంగుళాల స్టీలు స్కేలును తెరకి ఆనించి కొలుస్తుంది.

"కంప్యూటర్ల కొలత ఉండదా బిడ్డా?" అని ఒకసారి అడిగాను.

"ఉంటుందండి బాబాయిగారూ. కానీ చూసేవాళ్ళ కంటికి ఎంత కనపడుతుందో ఈ స్కేలే చెబుతుంది" అంది.

లేత్ మీద బతికినవాణ్ణి. ఆ మాట నాకు నచ్చింది.

సంఘానికి వెబ్‌సైటు పెట్టించింది నేనే. అంతకు ముందు వాట్సాప్ గుంపు ఉండేది. అందులో పొద్దున్న పూల బొమ్మలు, సాయంత్రానికి తిట్లు. దాన్ని మూయించి, వెబ్‌సైటులోనే ఒక ఫోరం పెట్టించాను. నీళ్ళు రాకపోయినా, కరెంటు పోయినా, ఏ ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా అందులో రాయాలి, అందరూ తమ ఫోన్లలో అక్కడే చూసుకోవాలి. ఆ శ్రావణంలో వెబ్‌సైటు పాతబడిందని కొత్త టెంప్లేటు వేయించాను. టెంప్లేటు అంటే ఇంటికి ముందరి ఎలివేషన్ లాంటిది, లోపలి గదులు అవే ఉంటాయి, పైరూపం మారుతుంది. వంద నమూనాల్లో నేనే ఏరాను. పైన పెద్దగా నా ఫొటో, శాలువాతో. ఎంత కిందికి జరిపినా ఫొటో మాత్రం పైనే నిలిచి ఉంటుంది. సంఘం సమావేశంలో తీర్మానం కూడా చేయించాను.

సోమవారం పొద్దున పదకొండు గంటలకు, కొత్త రూపం ఎలా వచ్చిందో అడుగుదామని ఆమె ఇంటి మెట్లెక్కాను. తలుపు ఓరగా ఉంది. ఆమె అటు తిరిగి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది.

"లేఅవుట్ మొత్తం కూలిపోయిందండి. కొత్తది వచ్చి పాతదాని మీద ఎక్కేసింది. హద్దులు లేవు, ఎడమవైపు బ్లాకులన్నీ కిందపడ్డాయి... ఆఁ, మధ్యాహ్నం లోపు లేపేయాల్సిందే... లేదండి, లింగంగారికి ఇంకా చెప్పలేదు. చెబితే తట్టుకోలేరు పెద్దాయన."

ఆమె మాట్లాడింది వెబ్‌సైటు లేఅవుట్ గురించి. ఆ మాటకి అలాంటి అర్థం ఒకటుందని నాకు తెలియదు. మా వైపు లేఅవుట్ అంటే ప్లాట్లు, రోడ్లు, హద్దురాళ్ళు. అంతకు పదిహేను రోజుల ముందే చెరువు అవతల ఒక లేఅవుట్‌లో పొద్దున్నే ఇళ్ళు కూల్చే యంత్రాలు దిగాయి. సగం గోడకి వేలాడుతున్న పిల్లల బట్టల అలమరాను నేను నా కళ్ళతో చూశాను. ఆ రోజు నుంచి మా వీధిలో పెద్ద బండి శబ్దం వినపడితే ఆడవాళ్ళు గేటు దగ్గరికి వస్తున్నారు.

మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. ఇంటికి వచ్చి బీరువాలోంచి ప్లాటు కాగితాలు తీసి, పాలిథిన్ సంచిలో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగుకి తోశాను.

నా భార్య సత్తెమ్మ చూసింది. "ఏందయ్యా, బియ్యంల చేతులు పెడ్తున్నవ్?"

"లేఅవుట్ పోతున్నది సత్తెమ్మా. పగటాల్లకు లేపేస్తరట."

"ఎవరు చెప్పిండ్రు?"

"నా చెవులతోటి విన్న."

"నీ చెవుల సంగతి నాకెర్కలేదా? మొన్న పాలాయన పిలిస్తే పోలీసాయన అని ఉరికినవ్."

ఆమె మాట పట్టించుకోలేదు. ముందుగా ఎల్లయ్యకి ఫోన్ చేశాను. ఎల్లయ్య గడ్డపోతారంలో మందుల కంపెనీలో డ్రమ్ములు మోసే పని నుంచి ఆపరేటర్ దాకా ఎదిగినవాడు. పదిహేనేళ్ళు ఓవర్‌టైములు చేసి ఎనిమిదో గల్లీలో ప్లాటు కొని, రెండు గదులు వేసుకున్నాడు. నేను కొనమంటేనే కొన్నాడు.

"నిజమేనా అన్నా?" అన్నాడు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న గొంతు.

"నా మాట ఎన్నడన్న తప్పు పోయిందా?"

"లేదన్నా... గట్లైతే నా ఇల్లు?"

"చెప్పింది విను. ఎవరొచ్చినా గేటు తీయొద్దు. ఎవరు ఫోన్ చేసినా ఎత్తొద్దు. నా నంబరు కనపడ్డా ఎత్తొద్దు. పెద్దల నంబర్లు పెట్టుకొని మోసగాళ్ళు చేస్తున్నరట, సైబర్ మీటింగుల చెప్పిండ్రు. నేను ఫోరంల నా పేరు మీద రాసిందే నమ్ము. ఇంకేదీ నమ్మకు."

"సరే అన్నా. ఇగ నేను చూస్కుంట."

సైబర్ మోసాల మీద పోలీసులు పెట్టిన ఆ మీటింగుకి మా లేఅవుట్ నుంచి వెళ్ళింది నేనొక్కణ్ణే. ముందు వరసలో కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదంతా ఆ ఒక్క ఫోనులో ఒలకబోశాను.

తర్వాత మళ్ళీ లక్ష్మీప్రసన్న ఇంటికి వెళ్ళాను. ఈసారి తలుపు తోసుకుని లోపలికే పోయాను.

"ఎన్ని గంటలకు లేపేస్తరమ్మా?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, మీకెవరు చెప్పారు బాబాయిగారూ? ఒంటిగంట లోపు అయిపోతుందండి."

"ఎవరు లేపేస్తరు?"

"నేనేనండి."

"నువ్వా!"

"నేను కాక ఇంకెవరు చేస్తారండి? అసలు తంటా అంతా మీ ఫొటోతోనే వచ్చింది."

నా ఫొటోకీ ఇళ్ళు కూలడానికీ సంబంధం ఏమిటో అర్థం కాక నిలబడే ఊగాను. ఆమె కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చి, తెర నా వైపు తిప్పింది. ఫోరం పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్ని తెర బయటికి జారిపోయి ఉన్నాయి. వాటి మీద శాలువాతో నేను నవ్వుతున్నాను.

"కూలింది ఈ లేఅవుట్ అండి. పేజీ అమరిక. దీన్నే మళ్ళీ లేపి నిలబెట్టాలి."

"మన ప్లాట్లు?"

"ప్లాట్లకేమైంది?"

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఎల్లయ్య గుర్తుకొచ్చాడు. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. ఎత్తొద్దన్నది నేనే. సత్తెమ్మకి ఫోన్ చేసి వాళ్ళ ఇంటికి పంపాను. పది నిమిషాల్లో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఎల్లయ్య పెండ్లాం గేటు తీస్తలేదు. 'నీ మొగుడే గద అక్కా తీయొద్దన్నడు' అని లోపటికెళ్ళే అంటున్నది. ఎల్లయ్య ఇంట్ల లేడు. ఓదెలు బండెక్కి పోయిండట."

ఓదెలు ప్లాట్లు అమ్మించేవాడు. ఎల్లయ్య ప్లాటు ఎప్పటినుంచో అడుగుతున్నాడు.

"ఏడికి పోయిండ్రు?"

"పటాన్‌చెరు పోయిండ్రో సంగారెడ్డి పోయిండ్రో ఆమెకు ఎర్కలేదు. యంత్రాలు రాకముందే అమ్ముకుంట, వచ్చిన కాడికి వస్తది అన్నడట. ఒంటిగంటకు సంతకాలు." సత్తెమ్మ నా వైపు చూసింది. "మైకు దొర్కితే ఇడువవు నువ్వు. ఇప్పుడు చూడు."

గోడ గడియారంలో పన్నెండు దాటి ఐదు నిమిషాలు. పదిహేనేళ్ళ ఓవర్‌టైము నా ఒక్క మాటకి పోతోంది.

"ఫోరంలో రాయండి" అంది లక్ష్మీప్రసన్న. "దాన్నే నమ్మమన్నారు కదా."

ఆమె కంప్యూటర్లోనే నా పేరు మీద రాశాను. "ఎల్లయ్యా, నేను తప్పు విన్న. మన లేఅవుట్‌కి ఏం కాలేదు. ప్లాటు అమ్మకు. లక్ష్మీప్రసన్న ఇంటికి రా. లింగం." ఆ తర్వాత ఆమె తన ఫోనులో ఫోరం తెరిచి చూపింది. నేను రాసిన మాట ఎక్కడా లేదు. తెర నిండా నా మొహమే.

"పాత టెంప్లేటే పెట్టెయ్ బిడ్డా."

"సర్వర్‌వాళ్ళు నిన్ననే కొత్త వెర్షనుకి మారారండి. పాతది ఇంక నడవదు. ఫొటో ఒక్కటి తీసినా చాలదు, కింద పెట్టెలు తెర బయట ఉన్నాయి. ముందు అవి లోపలికి రావాలి."

ఆమె వేళ్ళు ఆగలేదు. నన్ను భయంలోంచి కాస్త పక్కకి లాగడానికేమో, పని చేస్తూనే చెప్పింది. "మన లేఅవుట్‌లో ఇద్దరు ఎల్లయ్యలున్నారు కదండీ. పోస్టాయన ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇచ్చేవాడు, గుర్తుందా? ఇక్కడా అంతే. టెంప్లేటులో ఒక పెట్టె పేరు బాక్సు, ఫోరంలోనూ ఒక పెట్టె పేరు బాక్సు. టెంప్లేటు 'బాక్సు ఇంత వెడల్పుండాలి' అని ఆజ్ఞ వేస్తే, ఫోరం పెట్టెలు కూడా తమకే చెప్పారనుకుని సాగిపోయాయి."

"నా లెక్కనే తప్పు విన్నయి."

ఆమె నవ్వలేదు. "అందుకని ఫోరంవాటికి ఇంటిపేరు తగిలిస్తున్నాను. ఇంటిపేరు పెట్టి పిలిస్తేనే పలుకుతాయి."

పన్నెండున్నర అయింది. ఒక్కొక్క పేరే మార్చి, ఫోను తెరకి స్టీలు స్కేలు ఆనించి చూస్తోంది. ముప్పై నాలుగేళ్ళు కొలతల మధ్య బతికాను గాని, ఎదుటివాళ్ళు కొలుస్తుంటే ఇంత భయపడింది అదే మొదటిసారి. పొయ్యి మీద కుక్కరు కూత వేసింది. మా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. తర్వాత సత్తెమ్మే పోయి మంట ఆపింది.

పన్నెండూ నలభై ఐదుకి పెట్టెలు వరసలో నిలబడ్డాయి. మొదటి పెట్టె మాత్రం ఇంకా నా ఫొటో కిందే ఉంది.

"ఎవరు పైన కూర్చోవాలో చెప్పే అంకె ఒకటి ఉంటుందండి. ఫోరంవాళ్ళు తమకి పది పెట్టుకున్నారు. మీ ఫొటోకి టెంప్లేటు వాళ్ళు తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఇచ్చారు." ఆమె ఆగి, నా వైపు చూసింది. "అంకె తగ్గిస్తే ఒక్కో ఫోనులో ఒక్కోలా రావచ్చు, పరీక్షించే టైము లేదు. పూర్తిగా తీసేస్తే ఖాయం. కానీ సంఘం తీర్మానం ఉంది కదండీ..."

"తీసెయ్."

"బాబాయిగారూ..."

"తీసెయ్ బిడ్డా, జల్దీ!"

తీసేసింది. ఆమె ఫోనులో నా మాట పైకి వచ్చింది. నేను తప్పు విన్న. రెండు వందల పన్నెండు ప్లాట్లవాళ్ళకీ కనపడేలా.

ఒంటిగంట అయింది. ఎల్లయ్య నుంచి ఏమీ లేదు. ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంటా పది. సత్తెమ్మ నోట్లోనే ఎల్లమ్మ తల్లిని పిలుస్తోంది. తొంభై ఆరో ప్లాటు ముందు ఏ బండి ఆగినా లేచి కిటికీలోంచి చూశాను.

ఒంటిగంటా ఇరవైకి కింద ఓదెలు బండి ఆగింది. ఎల్లయ్య పైకి వచ్చాడు. చేతిలో చిరిగిన కాగితం.

"సంతకం అయిందా?" అన్నాను.

"మూడు కాగితాలన్నా. ఒకదాని మీద పెట్టిన." కాగితం ముక్కలు చూపాడు. "రెండోది పెట్టేముందు ఇంకొకసారి ఫోరం చూద్దామనుకున్న. పొద్దుగాల్నుంచి పదిసార్లు చూసిన. ఎన్నిసార్లు చూసినా నీ మొకమే! నవ్వుతున్నవ్. ఇండ్లు పోతుంటే ఈ మనిషి గిట్ల నవ్వుతడేంది అనుకున్న. పదకొండోసారికి మొకం పోయింది, మాట కనపడ్డది."

"ఓదెలు ఏమన్నడు?"

"కిందనే ఉన్నడు. కోపంగున్నడు. కాగితమైతే ఆయనే చింపిండు. కొనే జోగిపేట పార్టీ ఇంకా రాకపాయె, మంచిదైంది అన్నడు." కాగితం ముక్కలు బల్ల మీద పెట్టాడు. "నీ మాట మీద కొన్న అన్నా, నీ మాట మీదనే అమ్మబోయిన."

వాడి చెయ్యి పట్టుకున్నాను.

లక్ష్మీప్రసన్న అప్పటికే వంటింట్లోకి వెళ్ళి, నిలబడే అన్నం తింటోంది. స్కేలు బల్ల మీద ఉంది. ఆ సాయంత్రమే సంఘాన్ని పిలిచి, ఫొటో తీర్మానాన్ని రద్దు చేయించాను. తీర్మానాల పుస్తకంలో నా చేత్తో రాసిన రద్దు అదొక్కటే.

ఇప్పటికీ ఆమె రోజూ ఆ బల్ల దగ్గరే పనిచేస్తుంది. నా చేతికర్ర చప్పుడు మెట్ల మీద వినపడితే, ఫోనులో మాట మధ్యలో ఆపి, సరిచేసి చెబుతుంది.

"వెబ్‌సైటు లేఅవుట్ అండి, వెబ్‌సైటు లేఅవుట్ పోయింది."

ఆ మాటకీ ఇంటిపేరు తగిలించిందన్న మాట. అయినా 'పోయింది' అని వినగానే నా చెయ్యి మెట్ల పక్క గోడను పట్టుకుంటుంది. మా ఇల్లు అక్కడే ఉందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసి, అప్పుడు మిగతా మెట్లు ఎక్కుతాను.