దాతల ఫొటోలూ, చవక ప్లానూ

రేపల్లెలో వినికిడి లేని పిల్లల బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. నిజాంపట్నం నుంచీ అమృతలూరు నుంచీ వచ్చి అక్కడే ఉండి చదువుకునే పిల్లలు వాళ్లు. బడి నడిచే అద్దె ఇంటిని వేసవి సెలవులు అయ్యేలోగా ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. వేరే చోటు దొరక్కపోతే బడి మూతే. సాయం అడగడానికి కమిటీవాళ్లు ఓ వెబ్‌సైటు పెట్టించారు. దానికి ఇంటర్నెట్‌లో చోటు, అంటే హోస్టింగ్, ఉచితంగానే దొరికింది. కాకపోతే రోజుకు ఇంత డేటా అని పరిమితి.

మా వైపు చందా ఇచ్చినవాళ్ల పేరు ఫ్యాను రెక్క మీదైనా రాయాల్సిందే. సైటులో ఆ మర్యాద ఇంకాస్త ముదిరింది. మొదటి పేజీ నిండా దాతల ఫొటోలు, స్టూడియోలో ఎంత పెద్దవి ఇస్తే అంత పెద్దవి. పొద్దున్నే దాతలంతా ఎవరి మొహం వాళ్లు చూసుకుని, చుట్టాలకు కూడా చూపించేవారు. రేషన్ షాపులో కిరోసిన్‌లా మధ్యాహ్నానికల్లా ఆ రోజు కోటా అయిపోయేది. తరువాత నిజంగా సాయం చేద్దామని వచ్చినవాళ్లకు పేజీ తెరుచుకునేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

పెద్ద ప్లాను కొందామన్నారు మా అధ్యక్షుడు, రైస్‌మిల్లు ఆసామి. అది కొంటే మా టీచర్ల జీతాలు ఆగిపోతాయి. నేను తెనాలి వెళ్లి నెట్‌సెంటర్‌లో కూర్చుని సైటు తెరిచాను. పేజీ పూర్తిగా వచ్చేలోపు టీ తాగడం అయిపోయింది. రోగం ఆ పెద్ద ఫొటోలేనని తెలిసింది.

"ఫొటోలు చిన్నవి చేసి వెనక పేజీలో పెడితే, అన్నిటికన్నా చవక ప్లానే సరిపోద్దండి," అన్నాను మీటింగులో.

"ఫొటో ముందు లేకపోతే ఇచ్చేదెవరమ్మా?" అన్నారు అధ్యక్షుడు.

"మీదొక్కటీ ముందే ఉంచుతానండి. పెద్ద ప్లాను ఖర్చు మీరే పెట్టుకోండి."

అందరూ నవ్వారు. కాసేపటికి ఆయనా నవ్వి, "ముందు నాదే తీసెయ్యమ్మా," అన్నారు.

చవక ప్లానే తీసుకున్నాం. మొదటి పేజీలో పిల్లల ఫొటో ఒక్కటే పెట్టి, కింద ‘మా బడికి చోటు కావాలి’ అని రాశాను. ఆ తరువాత సైటు ఒక్కనాడూ ఆగలేదు. ఎండలు ముదిరిన ఓ సాయంత్రం, ఇదివరకైతే పేజీ తెరుచుకోని వేళ, బాపట్లలో ఇనుప సామాన్ల వ్యాపారి ఒకాయన దాన్ని చూసి ఫోన్ చేశారు.

"రేపల్లెలో మా గోడౌను పైన గదులు ఖాళీగా ఉన్నాయమ్మా. అద్దేం వద్దు, పిల్లల్ని తీసుకురండి."

బడి తెరిచిన రోజు ఆ కొత్త గదిలో, ‘మన బడి ఎక్కడికీ పోదు’ అని బోర్డు మీద రాశాను. మా పిల్లలు చప్పట్లు కొట్టరు, రెండు చేతులూ పైకెత్తి ఆడిస్తారు. గది నిండా చేతులే. వెనక నిలబడ్డ అధ్యక్షుడూ వాళ్లను చూసి చేతులెత్తి ఆడించారు. నేను మాత్రం సంతోషం పట్టలేక, అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను.