పురుగులకు వదిలిన సాళ్లు

పెద్దబాపు పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను వరంగల్‌లో, విత్తనాల దుకాణం కౌంటర్ వెనక ఉన్నాను. రఘునాథపల్లి దగ్గరి మా ఊళ్లో, పొద్దున్నే పత్తి చెలకకు వెళ్లొచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. పెద్దమ్మ చెంబు తెచ్చేసరికి తల గోడకు వాలిపోయి ఉంది. షట్టర్ దించి, తాళం వేసి ఊరికి బయల్దేరాను.

మా నాన్నకు అన్న ఆయన. నన్ను చదివించిందీ, ఈ దుకాణంలో పనికి కుదిర్చిందీ ఆయనే.

మీలో పత్తి వేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పురుగు తింటే చచ్చేలా జన్యువు మార్చిన పత్తి విత్తనంతో పాటు ఒక చిన్న పొట్లం వచ్చేది. అందులో ఉండేది మామూలు విత్తనం, చేను చుట్టూ వేయాలి. కొత్త పత్తిని తిని కూడా చావని మొండి పురుగులు ఒకటో రెండో ఉంటాయి. అవి మామూలు మొక్కల మీద పెరిగిన పురుగులతో కలిస్తే వాటి పిల్లలు మొండివి కావు. కలవకపోతే కొన్నేళ్లకు అన్నీ మొండివే. ఇదంతా మాకు శిక్షణలో చెప్పారు. రైతులకు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. వాళ్లు పొట్లాన్ని దుకాణం ముందే పారేసి పోయేవాళ్లు, సాయంత్రం నేనే ఊడ్చేవాణ్ని. ఇదెందుకని పెద్దబాపు అడిగితే కూడా, రూల్ కోసం పెడతారు, పారెయ్ అన్నాను.

ఆయన పారేయలేదు. విత్తే రోజు గింజకు పసుపు పెట్టి మొక్కే మనిషి. మట్టిలోని సూక్ష్మజీవి గుణాన్ని గింజలోకి ఎక్కించారని నేను చెప్పిన రోజు, గింజల్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. వీటికి మొక్కొచ్చునా అని గుడి అయ్యగారిని అడిగాడు. దేవుడి పనిలో వేలు పెట్టడమే పాపమన్నాడు అయ్యగారు. గింజలో పాపపుణ్యాలు ఉండవు, దిగుబడే ఉంటుందని నేను వెక్కిరించాను. ఇద్దరి మాటా విన్నాడు.

"చెయ్యి పెట్టుడైతే అయిపాయె కొడుకా. పురుగు నోటికాడిది గుంజుకున్నోళ్లం, దానికింత ఇడిసిపెట్టకుంటె ఎట్ల?" అని చేను చుట్టూ అయిదు సాళ్లు వేశాడు.

ఏటా వేశాడు. ఆ సాళ్లకు మందు కొట్టనిచ్చేవాడు కాదు. పొద్దున్నే ఆకులు తిరగేసి, తిన్నారా అని పురుగుల్ని పలకరించేవాడు. పురుగుల పెద్దయ్య అని ఊరు ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు.

తర్వాత, కొత్త పత్తిని తిన్నా చావని గులాబీ పురుగు వచ్చింది. కాయ పైకి నున్నగానే ఉండేది, విప్పితే లోపల పుచ్చు. ఊరంతా కడుపు మండి ఉన్నారు. అందరూ చాయ్ హోటల్ దగ్గర జమైనప్పుడు, ఈయన సాళ్లలో సాకిన పురుగే మా చేలమీద పడ్డదని పక్క చెలక రైతు లేచాడు. పీకెయ్యాల్సిందేనని అందరూ అన్నారు. నేను కూడా ఆ రోజు అక్కడే ఉన్నాను. పెద్దబాపు నావైపు తిరిగాడు.

"దుకాణంల ఉంటవ్ గద బిడ్డా, నువ్వు చెప్పు. నాదే తప్పా?"

నోరు విప్పితే, ఆ పొట్లాల సంగతి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అందరూ నా మీదే పడేవాళ్లు. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. మర్నాడు ఆయన కూలీని కూడా పిలవకుండా అయిదు సాళ్లూ తన చేతులతోనే పీకేశాడు.

కొన్నేళ్లకు ఆ మామూలు గింజల్ని అదే ప్యాకెట్‌లో కలిపి ఇవ్వడం మొదలైంది. ఇక వేరే వేయక్కర్లేదని నేను సంబరంగా చెప్పాను.

"తెల్వకుంట పెట్టిందాన్ని పెట్టుడంటరా?" అన్నాడు. ఆ తర్వాత నాతో విత్తనాల మాట ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈ రోజు నాకింత బరువు ఉండేది కాదు.

పోయినవాళ్లు కాకిగా వచ్చి తింటారని, మూడో రోజు పిట్టకు పెట్టారు. దహనం చేసిన చెలక గట్టునే, ఇస్తరాకులో అన్నం, కూర, గుడ్డు, పక్కన కల్లు. కరెంటు తీగ మీద కాకి కూర్చుంది గానీ దిగలేదు. మనసులో ఏదో పెట్టుకుని పోయాడన్నారు. ఒక్కొక్కరు ఆకు ముందుకెళ్లి మాటిచ్చారు. అమ్మను మంచిగా చూసుకుంటానన్నాడు ఆయన కొడుకు. కాకి కదల్లేదు. పక్క చెలక రైతు కూడా అక్కడే నిలబడి ఉన్నాడు.

నేను వెళ్లి కూర్చున్నాను.

"నీ సాళ్లు తప్పు గాదు పెద్దబాపూ. అవి ఉండాల్నని నాకు ముందుగాల్నే తెలుసు. చెప్పలే."

పక్క చెలక రైతు తువ్వాల తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాకి దిగుతుందేమోనని తలెత్తి చూశాను. అది లేచి రోడ్డు వైపు ఎగిరిపోయింది.

పొద్దెక్కుతోంది, స్నానాలకు నడవండి అన్నారు పెద్దలు. అందరూ కదిలాక నేను ఒక్కసారి వెనక్కి చూశాను. పత్తి మొక్కల్లోంచి చీమలు బారుగా వచ్చి, ఇస్తరాకు అంచు నుంచి తినడం మొదలుపెట్టాయి.